నీళ్ళ లారీ వేళకు వచ్చిన వరద

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మెడలో గుర్తింపు కార్డు వేలాడితే చాలు, తెలివి దానంతటదే వచ్చేస్తుందని. అంతకుముందు అంబత్తూరులో ఒక బోల్టుల ఫ్యాక్టరీలో చేరి, షిఫ్టులు ఒంటికి పడక మూడు నెలలకే తిరిగొచ్చి, చింతాద్రిపేటలో మా మేనత్త ఇంటి మేడమీద ఆరు నెలలపాటు దుప్పటి ముసుగుతన్ని పడుకున్న ఘనుణ్ణి నేను. చిన్నప్పటినుంచీ నన్ను పెంచింది, చదివించింది ఆవిడే కాబట్టి ఆ దుప్పటిని కూడా ఓపిగ్గా భరించింది. చివరికి వార్డు ఆఫీసులో మూడు నెలల తాత్కాలికపు పని దొరికింది. ఇంటింటికీ తిరిగి తడిచెత్త, పొడిచెత్త వేరుచేయమనడం, పూలకుండీల కింద నీళ్ళు నిలిస్తే దోమలు పుడతాయని భయపెట్టడం, వానాకాలం జాగ్రత్తలు చెప్పడం. అత్త మాత్రం వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా "మావాడు కార్పొరేషన్‌లో ఆఫీసరు" అని చెప్పుకొచ్చింది. (ఖండిద్దామని రెండుసార్లు నోరు తెరిచాను కానీ, వినడానికి హాయిగా ఉండి మూసేశాను.)

మా పైన గొడుగు సారు ఉండేవారు. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండాల్సిందే కాబట్టి మేమంతా చాటుగా ఆ పేరు పెట్టుకున్నాం. ఆయనకు వరద డ్రిల్లు మీద పడింది మనసు. నిజంగా వరదొస్తే జనం ఇళ్ళు వదిలి వీధి చివరి బడికి ఎంతసేపట్లో చేరతారో ముందే చూసుకోవాలని ఆయన పట్టుదల. సైరన్ మోగగానే ప్రతి ఇంటివాళ్ళూ మందులు, కాగితాలు ఉన్న సంచీ ఒకటి పట్టుకుని బయటికి రావాలి, నడవలేనివాళ్ళను కుర్చీలో మోసుకెళ్ళాలి, రబ్బరు పడవ ఒకటి వెంట నడవాలి. "ఇది బాగా జరిపించావంటే నీకు ఇంకో ఏడాది పొడిగింపు రాస్తాను. లేదంటే మూడో నెల ఆఖర్న కార్డు నా బల్లమీద పెట్టేసి పో" అన్నారు. (సారు మాట్లాడేది తమిళమే, మీకోసం నేను తెలుగు చేస్తున్నాను.) ఇంకొకసారి ఉద్యోగం పోగొట్టుకుని ఆ దుప్పటి దగ్గరికి వెళ్ళడం అంటే, నా సంగతి సరే, అత్త వీధిలో తలెత్తుకోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, డ్రిల్లు మా వీధిలోనే పెడదామన్నాను.

"అందరూ ఇళ్ళ దగ్గర ఉండే వేళ ఏది?" అని అడిగారు సారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "మంగళవారం పొద్దున పది గంటలు సార్, ఒక్కరు కూడా వీధి కదలరు" అన్నాను. ఆ ఆరు నెలల నిద్రలో నేను సంపాదించిన ఏకైక జ్ఞానం అది. మంగళవారం పదయ్యేసరికి దుప్పట్లోంచి వినేవాణ్ణి, వీధి నిండా ఆడవాళ్ళ గొంతులు, పిల్లల కేకలు, పేరుపేరునా పిలుపులు. ఎందుకు అందరూ ఆ వేళకే ఉంటారన్న ప్రశ్న నాకు ఎప్పుడూ పుట్టలేదు, అవతలివైపుకు ఒత్తిగిలడం మాత్రం తెలుసు. డ్రిల్లు అన్నాక ముందే వేళ చెప్పకూడదు, ఈ వారంలో ఒకరోజు అని మాత్రమే చెప్పాలి అన్నది సారు షరతు. నడవలేని ముసలావిడ వేషం మా అత్తకు ఇచ్చాం. ఆవిడ రెండు రోజులు మోకాలు పట్టుకుని మూలగడం సాధన చేసి, "ఏ దినంరా, ఎన్ని గంటలకు? నేను కాలు నొప్పి తెచ్చుకోవద్దా?" అని అడిగింది. నేను కార్డు సవరించుకుని "అది ఆఫీసు రహస్యం అత్తా" అన్నాను. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథే లేదు.

మంగళవారం వచ్చింది. పదికి ఐదు నిమిషాలుండగా పడవ ఉన్న వ్యాన్‌తో వీధి మొగదలకు చేరి చూద్దును కదా, వీధి మధ్యన ఆ చివరిదాకా ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉన్నాయి. ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపువి, మెడకు గుడ్డపీలిక కట్టినవి. మా వీధిలో మనుషులు వరుసలో నిలబడరు, వాళ్ళ తరఫున బిందెలు నిలబడతాయి. ఒకరి బిందెను ఇంకొకరు జానెడు పక్కకు జరిపినా మూడు తరాలు మాటలుండవు. వ్యాన్ కదలడానికి దారి లేదు. ఇదేమిటా అని నేను బుర్ర గోక్కునేలోపే వ్యాన్‌లోని మావాళ్ళు సైరన్ మోగించారు. సరిగ్గా అప్పుడే ఆ మూలనుంచి నీళ్ళ లారీ హారన్ వినిపించింది. అన్ని తలుపులూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. జనం పరుగెత్తుకుంటూ వచ్చారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత వాళ్ళు పరుగెత్తుతున్నది లారీవైపని అర్థమైంది.

"వరద వచ్చింది! ప్రాణాలు కాపాడుకోండి! బడికి నడవండి!" అని మైకులో అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇంతలో నడవలేని ముసలావిడ చెరో చంకనా ఒక బిందెతో నన్ను దాటుకుని లేడిపిల్లలా దూసుకుపోయింది. ఆవిడకోసం కుర్చీ మోస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు వెనకాల పరుగెత్తలేక నిలబడిపోయారు.

"అత్తా! నీకు కాలు నొప్పి! వరద వచ్చింది!" అన్నాను మైకు తీయడం మరచిపోయి.

"రానీరా! వరద యాడికీ పోదు. లారీ నిలబడదు. ఇది పోయిందంటే మళ్ళా శుక్రవారమే!" అని అత్త వరుసలోంచే అరిచింది. వీధంతా నవ్వింది. ఊరిని నీళ్ళు ముంచుతున్నాయని నేను, తాగడానికి నీళ్ళు లేవని వాళ్ళు. ఎవరి గొడవ వారిది.

బడి గేటు దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డ గొడుగు సారు ఎంతకీ ఎవరూ రాకపోయేసరికి తానే నడుచుకుంటూ వచ్చారు. బిందెలను చూశారు, లారీని చూశారు, నన్ను చూశారు. "ఈ వేళ నీకు చెప్పింది ఎవరప్పా?" అన్నారు నెమ్మదిగా. కార్డు అప్పుడే ఆయన బల్లమీద ఉన్నట్టు అనిపించింది. అత్త నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. పెంచిన మనిషికి అది చాలు. చేతిలో బిందె కింద పెట్టి ముందుకొచ్చింది.

"నేనే వీడికి చెప్పినాను సార్. ముసలిదాన్ని గదా, మతిమరుపు. లారీ దినం అని గుర్తురాలేదు" అంది, నిమిషం క్రితం దాకా మరచిపోయిన మోకాలిని మళ్ళీ పట్టుకుని.

వరుసలో ఉన్నవాళ్ళంతా బిందెలవైపు చూపు తిప్పుకున్నారు. లారీ ఏ రోజు ఎన్ని గంటలకు వస్తుందో, ఏ మూల తిరుగుతుందో వీధికంతా చెప్పేది మా అత్తే మరి. సారు ఏదో అనబోయేలోపే ఆవిడ లారీ డ్రైవరువైపు తిరిగి, "నాయనా, గొట్టం ఈడ ఇప్పబాక. బండి బడి కాడికి పోనీ. మేము ఆడికే వస్తాము. ఏమ్మా, బిందెలు ఇదే వరుసలో రావాల, ఎవరూ ముందుకు దూరబాకండి!" అని ఆజ్ఞ వేసింది. లారీ కదిలింది. దాని వెనకాల బిందెలు, బిందెల వెనకాల ఆడవాళ్ళు, పిల్లలు, ఇల్లు కాపలా కాయడానికి ఎవరూ మిగల్లేదని గొణుక్కుంటూ తాతలు. చాన్నాళ్ళుగా గడప దాటని మనుషులను కూడా నేను ఆరోజు బడి ఆవరణలో చూశాను. గొడుగు సారు గడియారం చూసుకుని, నమ్మలేక, ఇంకోసారి చూసుకున్నారు. నీళ్ళు పట్టుకోవడం అయ్యాక అందరినీ అక్కడే కూర్చోబెట్టి పడవ చూపించారు, మందుల సంచీ సంగతి చెప్పారు. బిందె నిండిన మనిషి ఎంత ఓపిగ్గా వింటుందో నాకు ఆరోజు తెలిసింది.

జనం వెళ్ళిపోయాక సారు నన్ను పిలిచి, "మీ అత్తకు మతిమరుపా?" అన్నారు. నేను తల దించుకున్నాను. అబద్ధం మీద అబద్ధం ఆడడానికి మనసొప్పలేదు. "లేదు సార్. అత్త ఏమీ చెప్పలేదు, ఆ వేళ నా సొంత ఊహే. రోజూ ఆ వేళకు నిద్రపోయేవాణ్ణి, లారీ సంగతి తెలియదు" అన్నాను. ఆయన గొడుగు ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుని, "పొడిగింపు కాగితం రాస్తాను. కానీ ఒక నెలరోజులు లారీ వచ్చినప్పుడల్లా వరుసలో నీ బిందె ఉండాలి" అన్నారు.

శుక్రవారం మొదటిసారి బిందె ఎత్తాను. అంతవరకూ నేను తాగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు, ఆలస్యంగా లేచి విసుక్కుంటూ ముఖం కడుక్కున్న నీళ్ళు అన్నీ అత్త చంకనే మేడ ఎక్కాయని మూడో మెట్టు మీద అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఎనిమిదో మెట్టు మీద చొక్కా తడిసింది, పైకి చేరేసరికి బిందె సగం ఖాళీ. అత్త దాంట్లోకి తొంగి చూసి, నా ముఖం చూసి, నవ్వు ఆపుకుంటూ "పోనీలేరా, కాపీకి చాలు" అంది.

ఆ ఏడాది పొడిగింపు అలా అలా సాగి, ఇప్పుడు నేనూ ఒక చిన్న కుర్చీలో కూర్చున్నాను. వానలకు ముందు ఏ వీధిలో డ్రిల్లు పెట్టినా మొదట అక్కడి ఆడవాళ్ళను అడుగుతాను. అది చూసి కొత్తగా చేరినవాళ్ళు నన్ను అనుభవజ్ఞుడు అంటారు. అప్పుడు నాకు మైకు పట్టుకుని అరుస్తున్న ఆ ఇరవై మూడేళ్ళవాడు కళ్ళముందు కనబడి, కాస్త జాలీ, కాస్త నవ్వూ వస్తాయి. ఇంట్లోకి మంచినీళ్ళు ఎలా వస్తాయో తెలియనివాడు, పాపం, ఊరిని వరదనుంచి కాపాడడానికి బయల్దేరాడు!