దస్తగిరి మేస్త్రి పరిచిన నాలుగు పలకలు

మొన్న మా మేనకోడలు కడపలో కట్టుకుంటున్న ఇల్లు చూపించడానికి నన్ను తీసుకెళ్లింది. ముందు గదిలో వడ్రంగులు టేకు తలుపుకు చిత్రిక పడుతున్నారు. గడపలో కాలు పెట్టానో లేదో పొట్టు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన ఒకసారి పట్టుకుంటే చొక్కా రెండు ఉతుకులు ఉతికినా వదలదు. నేను ఒక గుప్పెడు పొట్టు తీసుకుని వాసన చూస్తూ నిలబడిపోతే, ఆ పిల్ల నవ్వి, "మామా, నేలకు గూడా ఇట్లాటి వెడల్పు పలకలే వేయిద్దామనుకుంటాండా. మనింటికి బాగుంటాయంటావా?" అని అడిగింది. "మీ ఇంట్లో నేల ఎవరు కడుగుతారు? ఎట్లా కడుగుతారు?" అన్నాను. నేనేదో వయసు మీరి మాట్లాడుతున్నానన్నట్టు చూసింది. ఆమె తప్పేమీ లేదు. నన్ను ఇదే ప్రశ్న మొదటిసారి అడిగిన మనిషిని నేనూ అట్లాగే చూశాను. ఆయన పేరు దస్తగిరి మేస్త్రి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచేవి. ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకడం గగనమై, ఉన్నవాళ్లంతా కొత్త మిద్దెలు మొదలుపెట్టారు. నేను మద్రాసులో ఓవర్సీరు పరీక్ష ప్యాసై వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఒంటిమిట్ట పక్కన మా పల్లెలో అంత చదువు చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి నేల మీద కాలు నిలిచేది కాదు. కాగితం మీద గీత గీస్తే గోడ లేచినట్టే అనుకునేవాణ్ణి. ఆత్మకూరులో సుబ్బారెడ్డి గారని మా నాయనకు స్నేహితుడొకాయన ఉండేవాడు. పాత ఇంటి పక్కనే రెండంతస్తుల మిద్దె కట్టాలనుకుని, ఆ పని నాకు అప్పగించాడు. నా చేతి కింద లేచే మొదటి ఇల్లు అది. బాగా వస్తే కర్నూలులో పది ఇళ్లవాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారు. చెడితే నేను సర్టిఫికెట్టు పెట్టెలో దాచిపెట్టి నాయన వెంట పొలానికి పోయి మడక పట్టాల్సిందే.

రెడ్డిగారు అంతకుముందు ఊటీ పోయి, అక్కడొక దొర బంగళాలో అడుగు వెడల్పు టేకు పలకల నేల మీద నడిచి వచ్చాడు. ఆ నడక ఆయన్ను వదల్లేదు. "బండల మింద మా తాత నడిచినాడు, మా నాయన నడిచినాడు. నేను చెక్క మింద నడుచ్చానప్పా. ఇంటినిండా అదే పరచల్ల" అన్నాడు. నేను ఒక్క క్షణమైనా ఆలోచించానా? "దానికేం, పరుద్దాం" అనేశాను. వారం తిరక్కుండా పటం గీసి, కింది గదులూ పై గదులూ అన్నింట్లో పలకలకు గోధుమరంగు సిరా పూసి చూపించాను. రెడ్డిగారు దాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాడు. నల్లమల నుంచి మానులు బండ్ల మీద దిగాయి.

దస్తగిరి మేస్త్రి చెక్కపనికి వచ్చింది అప్పుడే. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేవాడు. అక్షరం ముక్క రాదు, కానీ పటాన్ని ఎటు తిప్పి పట్టుకున్నా గదులు ఇట్టే పోల్చేవాడు. నేను గీసిన పటం మీద వేలు పెట్టి గది గదికీ తిరిగాడు. వంటింటి దగ్గర వేలు ఆగింది. "ఏమప్పా ఓవర్సీరూ, ఈ ఇంట్లో నేల ఎవరు కడగతారు?" అన్నాడు. నేను నవ్వాను. "అది మనకెందుకు మేస్త్రీ?" అన్నాను.

"మనకే గదా. పని అయినాక మనం పోతాం. నీళ్లు ఈణ్ణే ఉంటాయి" అన్నాడాయన. "ఊటీ సల్లటి ఊరు. ఈడ రోహిణి ఎండకు మనిషి తోలే పగులుతాది. చెక్క ఊరికే ఉంటాదా? పలక ఎంత వెడల్పుంటే అంత ముడుసుకుంటాది. సన్నవైతే తలా కొంచెం పంచుకుంటాయి, సందు కనపడదు. ఇవి అట్ల కాదు."

"అయితే వద్దంటావా?"

"నాకెట్ల తెలుస్తాదప్పా? ఇంటిని అడుగుదాం."

ఆయన పని పద్ధతే అంత. ఏ ఇంటికైనా మాట ఇచ్చే ముందు ఆ ఇంటివాళ్ల వాడుకలో పెట్టి చూసేవాడు. పాత ఇంట్లో, వంటింటి గడప ముందర, నాలుగు కడప బండలు లేపించి వాటి చోట నాలుగు టేకు పలకలు పరిచాడు. చేవ ఉన్న పలకలు, బాగా ఆరినవి. వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చాడు. రెడ్డిగారి భార్య ఓబుళమ్మ గారిని పిలిచి, నేల ఎప్పుడు, ఎట్లా కడుగుతారో అడిగాడు. "ఎవరూ ఏమీ మార్చొద్దు. రోజూ ఎట్ల ఉంటారో అట్లనే ఉండండి. ఎండకాలం పోనీ, చెప్తా" అని ఆమెతో అన్నాడు. అప్పటికి శివరాత్రి ఇంకా రాలేదు. ఎండకాలం పోయేదాకా మేము గోడలు లేపుతూ ఉండాలి.

మా పక్క ఇళ్లలో శుక్రవారమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. తెల్లవారగానే ఆడవాళ్లు కొంగులు బిగించి, సామాను గోడవారకు జరిపి, వంటింటి నుంచి వీధి వాకిలి దాకా బిందెల కొద్దీ నీళ్లు కుమ్మరిస్తారు. పొరకతో నీళ్లను తరిమి తరిమి తూము దాకా తోలుతారు. తాగే నీళ్లకు మైలు దూరం నడిచే కరువు నెలల్లో కూడా, చేదబావిలో అడుగున మిగిలిన బురద నీళ్లతోనైనా సరే, ఆ కడుగుడు ఆగదు. ఓబుళమ్మ గారు నేల తడవనిదే శుక్రవారం పొయ్యి వెలిగించేవారు కాదు. పుట్టినప్పటి నుంచీ మా అమ్మ చేస్తుంటే చూస్తున్నాను. పటం గీసేటప్పుడు మాత్రం ఆ నీళ్లు నాకు గుర్తురాలేదు. పలకల మీద నీళ్లు కుమ్మరిస్తే ఏమవుతుందో మద్రాసులో చదువుకున్నవాణ్ణి నాకు తెలియదా? తెలుసు. అందుకే మొదటి శుక్రవారమే భయం పట్టుకుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు ఈ వయసులోనూ సిగ్గుగానే ఉంటుంది. ఆ కడుగుడులో ఓబుళమ్మ గారికి తోడుండే పనిమనిషి నరసమ్మను పక్కకు పిలిచి, "ఆ నాలుగు పలకల మీద మాత్రం నీళ్లు పోయొద్దమ్మా, తడిగుడ్డతో తుడిచి వదిలెయ్" అని చెప్పాను. పాపం, ఓవర్సీరు చెప్పాడని ఆమె అట్లాగే చేసింది. ఉగాది దాటింది. బండలన్నీ తడిసి ఆరుతున్నాయి, నా పలకలు మాత్రం కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. ఎండకు సందులు కొంచెం తెరుచుకున్నాయి గానీ, రెడ్డిగారి కంటికి ఆనేంత కాదు. ఆయన రోజూ వచ్చి వాటి మీద నాలుగడుగులు నడిచి పోతుండేవాడు. నేను గెలిచాననుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. గొంతుక్కూర్చుని పలక మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత సందు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. పక్క బండ మీద చెయ్యి పెట్టాడు. బండ ఇంకా చల్లగా ఉంది. లేచి నా దిక్కు చూశాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నరసమ్మకు ఎవరు చెప్పినారప్పా?" అన్నాడు.

నేను చేతిలోని పటాన్ని చుట్ట చుట్టడం మొదలుపెట్టాను.

"నువ్వు పలకల్ని కాపాడల్యా, నీ కాగితాన్ని కాపాడుకుంటాండావు. రేపు ఇంటినిండా పరిసినాక ఎన్ని శుక్రవారాలు వచ్చి తుడుస్తావు?"

అంతే అన్నాడు. ఆ మాట ఇంకో మనిషి చెవిన పడనివ్వలేదు. నరసమ్మను పిలిచి, "అమ్మా, వచ్చే వారం నుంచి అన్నిటి మాదిరే కడుగు" అని మాత్రం చెప్పాడు. నేను ఆ రోజంతా ఇటుకల కుప్ప చాటున కూర్చున్నాను. పటం చించేసి ఊరికి పోదామా అనిపించింది.

మూడు శుక్రవారాలు చాలాయి. సందుల్లోంచి కిందికి దిగిన నీళ్లు ఆరలేదు, పైన ఎండకు చెక్క ఎండిపోయింది. పలకల అంచులు లేచి, నడుమ పల్లమై, ఒక్కొక్కటీ తొట్టి మాదిరి తయారయ్యాయి. సందులో జొన్నగింజ వేస్తే జారి లోపలికి పోయింది. అంచులు నల్లబడ్డాయి. నాలుగో వారం ఆ సందులోంచి తేలు బయటికి వస్తే ఓబుళమ్మ గారే చెప్పుతో కొట్టి చంపారు. మేస్త్రి గెలిచినట్టు ముఖం పెట్టలేదు. అంత మంచి టేకు పాడైపోయిందని బాధపడ్డాడు.

"రెడ్డికి చెప్పల్ల" అన్నాడు. "నువ్వే చెప్పు మేస్త్రీ, నీ మాటంటే ఆయనకు గురి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "గీసింది నువ్వు. చెరపాల్సింది నువ్వే. నేను పక్కన నిలబడతా."

రెడ్డిగారు ఇంటి ముందు పంచలో పదిమంది నడుమ కూర్చుని ఉన్నాడు. బద్వేలు నుంచి ఆయన వియ్యంకుడు వచ్చి ఉన్నాడు, అప్పుడే అతనికి నా పటం చూపిస్తున్నాడు. పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను, కానీ కాళ్లు అక్కడే ఆగాయి. పదిమందిలో గొప్ప చెప్పుకున్నది పదిమందిలోనే ఒప్పుకోవాలనిపించింది. "రెడ్డిగారూ, నాది తప్పు. ఈ నేల మన ఇంటికి పనికిరాదు. ఊటీకి పనికొస్తుందేమో, ఇక్కడ కాదు. ఆలోచించకుండా గీశాను. అంతే కాదు, పలకలు పాడవకూడదని నరసమ్మను నీళ్లు పోయకుండా ఆపాను. అదీ నా తప్పే" అన్నాను.

రెడ్డిగారి ముఖం ఎర్రబడింది. "మానులన్నీ కోయించినాక చెప్తాండావా? ఊరందరికీ చెప్పుకున్నానే! నీకు ఇల్లు అప్పగిస్తే నా పరువు తీస్తావా?" అని లేచాడు. వియ్యంకుడు తల పక్కకు తిప్పుకున్నాడు. ఇంకొక్క మాట వచ్చుంటే నేను అక్కడినుంచి పరుగెత్తేవాణ్ణే. అప్పుడు తలుపు వెనకనుంచి ఓబుళమ్మ గారి గొంతు వినిపించింది.

"ఆ పిల్లోని మింద ఎందుకు అరుస్తావు? ఇల్లు కడగేది నేను. ఇన్ని నెలలుగా నన్ను ఎవరన్నా ఒక మాట అడిగినారా? దస్తగిరన్న ఒక్కడే అడిగినాడు. చెక్క పరిస్తే నేను శుక్రవారం నీళ్లు యాడ పోయల్ల?"

రెడ్డిగారు మెల్లగా కూర్చున్నాడు. అప్పుడు మేస్త్రి ముందుకొచ్చాడు. "రెడ్డీ, నీ ముచ్చట ఎందుకు పోగొట్టుకుంటావు? పైన ముందు గది ఉండాది. ఆడికి బిందె ఎక్కదు, తడికాళ్లు ఎక్కవు. ఆ గదికి నీ అడుగు పలకలే పరుస్తా. కోసినవి ఇంకో ఎండకాలం నీడన ఆరనియ్యి. కింద మాత్రం బండలే. మిగిలిన చెక్క తలుపులకు వస్తాది" అన్నాడు. చెక్క నేల మొత్తం పరిస్తే ఆయనకూ ఆయన మనుషులకూ ఏడాది పని. అందులో ముప్పావు భాగం ఆయనే తన నోటితో వద్దన్నాడు. ఆ సంగతి నాకు ఇంటికి పోయాక గానీ తట్టలేదు.

రెండో ఎండాకాలం దాటాక ఆ గది నేల పరిచాం. ప్రతి పలకనూ నడుమ వరసన మాత్రమే మేకులతో బిగించాడు, అటూ ఇటూ కదలడానికి చోటుండాలని. గోడ దగ్గర వేలు పట్టేంత ఖాళీ వదిలి, దాని మీద సన్నటి చెక్క కప్పాడు. ఎండలకు సందులు వచ్చేవి, వానలకు మూసుకునేవి, పలక మాత్రం లేవలేదు. నేను పక్కన కూర్చుని ఒక్కో పలకకు ఆయన ఏం చేస్తున్నాడో రాసుకున్నాను. కాలేజీలో రాసుకున్నదానికంటే ఎక్కువ రాసుకున్నాను.

గృహప్రవేశం రోజు రెడ్డిగారు మేస్త్రిని పిలిచి కొత్త పంచె, తలపాగాకు జరీ అంచు రుమాలు పళ్లెంలో పెట్టి ఇచ్చాడు. "ఇల్లంతా చెడగొట్టుకోకుండా కాపాడినావు దస్తగిరీ" అన్నాడు అందరూ వినేట్టు. మేస్త్రి పంచె చంకలో పెట్టుకుని, రుమాలు చేతిలో పట్టుకుని జనంలో నన్ను వెతికాడు.

"నాదేముంది రెడ్డీ. చెక్క చెడతాదని యా వడ్లాయనైనా చెప్తాడు. నా మాట నువ్వు ఇనేవాడివా? పదిమందిలో నిలబడి నాది తప్పు అని చెప్పినాడే, ఆ పొద్దు నిలిచింది నీ ఇల్లు" అంటూ నా దగ్గరికొచ్చి ఆ రుమాలు విప్పి నా తలకు చుట్టాడు. నాలుగు చుట్లు. ఆ చేతులు టేకు చెక్కకు గరుకెక్కి, నా నుదుటికి రాసుకుంటూ పోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. అంతమందిలో అంత గర్వంగా మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. కాలవలు తవ్వించాను, వంతెనలు కట్టించాను, తప్పులూ చేశాను. పై అధికారుల ముందు, కూలివాళ్ల ముందు, ఒకసారి మంత్రిగారి ముందు కూడా "నాది తప్పు" అని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట అనేటప్పుడు చాలామందికి తల వంగిపోతుంది. నాకు మాత్రం మెడ దానంతటదే నిటారుగా నిలుస్తుంది. తల మీద రుమాలు చుట్టి ఉన్నప్పుడు మనిషి తల దించలేడు.