పసుపు కాళ్లకు చెప్పులు వద్దన్నాను

చేవెళ్లలో మాకు గాజులు, బొట్టుబిళ్లలు, రిబ్బన్లు అమ్మే దుకాణం ఉంది. ఇరవై ఏళ్లుగా గల్లా దగ్గర కూర్చునేది, గిరాకీ వస్తే లేచి నిలబడేది నేనే. ఆ రోజు పొద్దున ఆలూరు నుంచి వచ్చిన ఒకామెకు గాజులు తొడుగుతున్నాను. ఆమె ఎందుకో కిందికి చూసింది.

"అక్కా, బండ మీద తడేంది? నువ్వు నిలబడ్డ కాడల్ల మరకయితున్నది" అంది.

తెల్లటి టైల్స్ మీద పచ్చటి నీళ్ల మరకలు. ఏదో నూనె సీసా కారిందనుకుని ర్యాకుల కింద వెతికాను. ఏదీ కారలేదు. ఆమె వెళ్లాక స్టూలు మీద కూర్చుని కుడికాలు తిప్పి చూసుకున్నాను. చిటికెన వేలు కింద తోలు ఊడి వేలాడుతోంది. రూపాయి బిళ్లంత పొక్కు పగిలి నీరు కారుతోంది. నొప్పి మాత్రం ఇసుమంత కూడా లేదు. నొప్పి లేదు కదా, పెద్దదేమీ కాదులే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. గుర్తుంటే గోలీ వేసుకునేదాన్ని, లేకపోతే లేదు. ముందు రెండేళ్లు అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉండేవి. తర్వాత వాటంతటవే పోయాయి. రోగం తగ్గిందని సంబరపడ్డాను. నరాలు చచ్చిపోతే మంట కూడా పోతుందని ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఆ పొక్కు ఎప్పుడొచ్చిందో తెలుసుకోవడానికి పెద్దగా ఆలోచించే పని లేదు. దానికి నాలుగు రోజుల ముందు మొయినాబాద్‌లో మా చెల్లెలు శోభ కూతురు హారిక హల్దీ చేశాం. ఇప్పుడు ఎవరూ ఇంట్లో చేయడం లేదు కదా. ఒక రోజుకు ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకున్నారు. అందులో స్విమ్మింగ్ పూల్, దాని పక్కన బుడగలు వచ్చే వేడి నీళ్ల తొట్టి. జకూజీ అంటారట. పెళ్లికూతురికి, ఆడవాళ్లందరికీ కాళ్లకు పసుపు రాసింది నేనే. ఆ ఇంట్లో పెద్దదాన్ని నేను. నోరు కూడా నాదే పెద్దది.

పూల్ గేటు దగ్గర నడివయసు కేర్‌టేకర్ యాదయ్య నిలబడ్డాడు. అక్కడ కాళ్లు కడుక్కోవడానికి ఒక నల్లా, పక్కన స్టాండు మీద రబ్బరు చెప్పులు ఉన్నాయి.

"అమ్మా, ఎవల చెప్పులు వాళ్లు ఏసుకొని నీళ్ల దాక పోండ్రి. చెప్పులు తేనోళ్లుంటే ఈ రబ్బరువి ఉన్నయి. బండలు బాగ కాలుతున్నయి. దిగేముందు ఈడ జర కాళ్లు కడుక్కోండ్రి" అన్నాడు.

"పసుపు కాళ్లకు చెప్పులేసుకుంటరా ఎవరన్న? పెట్టిన పసుపు కడుక్కుంటే శుభముంటదా?" అని గదమాయించాను.

"మీ ఇష్టమమ్మా. చెప్పుడు నా డ్యూటీ" అని పక్కకు జరిగాడు.

అందరూ గేటు దగ్గరే చెప్పులు కుప్పగా విడిచారు. హారిక ఒక్కతే కొత్త చెప్పులతో లోపలికి పోతుంటే, "ఏందే పిల్లా, పెండ్లికూతురువు, జర పద్ధతి నేర్చుకో" అని అవి కూడా విడిపించాను.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. నల్ల బండలు పెనంలా ఉన్నాయట. ఆడవాళ్లంతా కాలు పెట్టీ పెట్టక గెంతుకుంటూ నీడలోకి ఉరికారు. నేను నింపాదిగా నడిచాను.

"అక్కా, నీ కాళ్లు కాలుతలేవా?" అని శోభ అడిగింది.

"ఇరవై ఏండ్లు దుకాణంల నిలబడ్డ కాళ్లివి. మీ లెక్క ఏసీల పెరిగినయి కాదు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వేడి నీళ్ల తొట్టిలో అందరూ కాళ్లు పెట్టి, అబ్బా అని తీసేశారు. నేను గంటకు పైగా అట్లాగే పెట్టుకుని కూర్చున్నాను. పిల్లలు గడ్డిలో ఆడి ఆ మట్టి కాళ్లతోనే అందులో దూకుతున్నారు, బయటికి పోతున్నారు, మళ్లీ దూకుతున్నారు. ఎవరి కాళ్లకు ఏముందో ఎవరికి తెలుసు? బయటికి వచ్చి చూస్తే ఆ కుప్పలో నా చెప్పులు దొరకలేదు. స్టాండు మీది రబ్బరు చెప్పులు, ఎవరో విడిచినవి, తడి తడిగా ఉన్నవి వేసుకుని సాయంత్రం దాకా తిరిగాను. చెప్పులు వద్దని ఊరందరికీ చెప్పినదాన్ని చివరికి ఊరందరి చెప్పులు తొడుక్కున్నాను.

ఇక దుకాణంలో పొక్కు చూసుకున్నాక చేసిన ఘనకార్యం ఏమిటంటే, కొబ్బరి నూనెలో పసుపు కలిపి మందంగా పట్టించాను. మా అవ్వ కాలం నుంచి పుండుకు అదే మందు. ఇంకో రెండు రోజుల్లో పెళ్లి ఉంది. ఇప్పుడు కాలు సంగతి చెబితే పెళ్లింట్లో అందరికీ ఫికర్ ఎందుకని మా ఆయనకు కూడా చెప్పలేదు. రోజూ పొద్దున పసుపు మీద పసుపు రాశాను. పెళ్లిలో ఆ కాలుతోనే తిరిగాను. పాదం పసుపుపచ్చగా ఉంటే చూసినవాళ్లు ముత్తైదువ కాలు అనుకున్నారు. లోపల తోలు ఏ రంగుకు మారిందో నాకే తెలియదు.

హల్దీ అయిన పదకొండో రోజు మా ఆయన దుకాణంలో ముక్కు మూసుకున్నాడు. "ఎలుక చచ్చినట్టున్నది" అంటూ అట్టపెట్టెలన్నీ బయటికి తీశాడు. నాకు అప్పటికే చలిజ్వరం. కొంగు కప్పుకుని కుర్చీలో వణుకుతున్నాను. ఆయన వెతుక్కుంటూ వెతుక్కుంటూ నా కుర్చీ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కిందికి వంగాడు. లేచి నా ముఖం చూశాడు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

చేవెళ్లలో క్లినిక్‌కు తీసుకుపోయాడు. డాక్టర్ స్పిరిట్ దూదితో పసుపు తుడిచాడు. దాని కింద చిటికెన వేలు నల్లగా ఉంది.

"ఎన్ని రోజులైందమ్మా?"

"నాలుగు రోజులు సార్" అని అబద్ధం చెప్పాను.

"నాలుగు రోజులది కాదిది. హైదరాబాద్ పోండ్రి. రేపు మాపు కాదు, ఇప్పుడే" అన్నాడు.

సిటీలో పెద్ద దవాఖానలో చేర్చుకున్నారు. బ్లడ్ టెస్టులు, ఎక్స్‌రే, కాలికి రక్తం సరిగా పోతుందో లేదో చూసే డాప్లర్, చీముకు చేసే కల్చర్ అన్నీ చేశారు. హెచ్‌బీఏ1సీ అంటే మూడు నెలల షుగర్ లెక్కట. ఏడు లోపు ఉండాల్సింది పదకొండు దాటింది. డాక్టర్ సన్నటి నైలాన్ దారం ఉన్న పుల్ల తెచ్చి, "కళ్లు మూసుకోండమ్మా. కాలికి తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పండి" అన్నాడు. కళ్లు మూసుకుని పడుకున్నాను. ఎంతసేపైనా ఆయన మొదలుపెట్టడం లేదు. "కానియ్యండి సార్" అన్నాను.

"అయిపోయిందమ్మా. రెండు కాళ్లూ చూశాను" అన్నాడు.

అంతవరకు నాకు భయం లేదు. ఆ మాటతో మొదలైంది.

హల్దీ నాటి సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. "దీన్ని న్యూరోపతీ అంటారు, అంటే నరాలకు స్పర్శ పోవడం. బండల మీద కాలింది, మీకు తెలియలేదు. వేడి నీళ్లలో నానింది, తెలియలేదు. వేళ్ల సందుల్లో ఫంగల్ ఇన్ఫెక్షన్ కూడా ఉంది. అది తడి నేల నుంచి వచ్చిందా, ఆ చెప్పుల నుంచి వచ్చిందా అంటే ఎవరం చెప్పలేం. పగిలిన చోటు నుంచి బ్యాక్టీరియా లోపలికి పోయింది. మొదటి రోజు వచ్చుంటే డ్రెస్సింగ్‌తో పోయేది" అని వివరంగా చెప్పాడు.

మొదటి ఆపరేషన్‌లో చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. రెండు వారాలకు ఇంటికి పంపుతూ ముందు భాగం మీద బరువు పడని చెప్పు ఒకటి ఇచ్చారు. "ఇంట్లో కూడా ఇది లేకుండా ఒక్క అడుగు వేయొద్దు. గాయం మానితే కాలు మీది. మానకపోతే నేనేం మాటివ్వలేను" అన్నాడు డాక్టర్.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను చేతులు కాలాక కూడా పట్టుకోలేదు. ఇంట్లో ఆ చెప్పుతోనే తిరిగాను, నిజమే. కానీ దేవుడి అర్ర గడప దగ్గర విడిచిపెట్టేదాన్ని. దీపం ముట్టించడానికి నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు. దేవుడి ముందు చెప్పులేసుకుని ఎట్లా నిలబడతాం? మా ఆయన చూసి ఒకసారి వద్దని బతిమాలాడు. "నాలుగు అడుగులకేమైతది?" అని ఆయన నోరు కూడా మూయించాను.

ఇరవై రోజులకు కుట్లు విడిపోయాయి. మళ్లీ అదే వాసన. ఈసారి ఆ వాసన ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఎమ్మారై చూసి, "బోన్‌లోకి పోయింది. ఆస్టియోమైలైటిస్" అన్నాడు డాక్టర్. పాదం ముందు సగం తీయాలి. రక్తప్రసరణ సరిపోకపోతే మోకాలి కింద దాకా తీయాల్సి వస్తుంది. మళ్లీ డాప్లర్ చేసి, రెండు రోజుల్లో చెబుతానన్నాడు.

ఆ రెండు రోజులు నేను కాలును చూస్తూనే ఉన్నాను. మడమ ఒక్కటి మిగిలితే చాలనుకున్నాను. మడమ ఉంటే నిలబడతాను, నిలబడితే దుకాణం ఉంటుంది. లేకపోతే నేను మంచంలో ఉండి నీళ్లకు కూడా ఆయనను పిలవాలి. నాలాంటిదానికి అది చావు కన్నా కష్టం.

ఆ మధ్యలో శోభ వచ్చింది. వెంట హారిక కూడా ఉంది. శోభ నా మంచం పట్టుకుని ఏడ్చింది. "నా బిడ్డ ఫంక్షన్ల నీకు గిట్లయిపాయె అక్కా" అంది.

"నీ బిడ్డ ఏం జేసింది? అంత నా నోరు చేసింది" అన్నాను. అప్పుడు హారిక మెల్లగా ఒక మాట చెప్పింది. పెళ్లయిన వారానికి తనకూ వేళ్ల సందుల్లో పాచిపోయి పగిలిందట.

"మరి నువ్వేం జేసినవ్ బిడ్డా?"

"బాగ దురద పెట్టింది పెద్దమ్మా. ఊకోలేక డాక్టర్ తానికి పోయిన. మలాం ఇచ్చిండు, తగ్గింది."

ఆ పిల్ల తప్పించుకున్నందుకు నేను సంతోషపడాలి. పడ్డాను కూడా. కానీ దాని చెప్పులు విడిపించింది నేనే కదా. కొత్త పెళ్లికూతురికి నేనిచ్చిన దీవెన అదన్నమాట. ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

రిపోర్టు వచ్చింది. మడమ దక్కింది. పాదం ముందు సగం పోయింది. తర్వాత గాయంలోని నీరు మిషన్‌తో లాగే వ్యాక్ డ్రెస్సింగ్, తొడ తోలు తీసి అతికే గ్రాఫ్టింగ్, మూడు నెలలు మంచం.

ఆ ఆపరేషన్ అయి ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ముందు భాగంలో దిండు పెట్టి కుట్టిన మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పుతో నడుస్తాను. కుంటుతాను. దుకాణంలో కూర్చునే గాజులు తొడుగుతాను. దేవుడి అర్రలోకి వేరే శుభ్రమైన చెప్పుల జత పెట్టుకున్నాను. దీపం ముట్టించిన ప్రతిసారీ తప్పు చేస్తున్నట్టే ఉంటుంది. డాక్టర్ ఎన్ని చెప్పినా అది పోదు. కొందరు గిరాకీలు నా ముఖం చూడకుండా కాలునే చూస్తూ బేరమాడతారు. ముందైతే నాలుగు మాటలు అనేదాన్ని. ఇప్పుడు అనడం లేదు.

రోజూ పొద్దున దుకాణం తెరిచే ముందు మా ఆయన నా రెండు కాళ్లూ చూస్తాడు. అద్దాలు పెట్టుకుని, ఎడమకాలి వేళ్ల సందులు విడదీసి, అరికాలు చేత్తో తడిమి చూస్తాడు. మొదటిరోజు కాళ్లు వెనక్కి గుంజుకున్నాను. భర్తతో కాళ్లు పట్టించుకోవడం నేను పెరిగిన ఇంట్లో పాపం.

"పాపమో పుణ్యమో నాకిడిచిపెట్టు. కాలు చాపు" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి.

పోయిన నెలలో ఒకరోజు ఎడమకాలు పట్టుకుని చాలాసేపు వదలలేదు. "ఏమైంది?" అన్నాను. బొటనవేలు కింద చిన్న ఎర్రమచ్చ ఉందన్నాడు. నాకు ఎప్పటిలాగే ఏమీ తెలియలేదు. షట్టర్ తీయకుండానే బస్సెక్కాం. డాక్టర్ చూసి, "చెప్పు ఒరుసుకుంది. పొక్కు మొదలవుతోంది. మంచిపని చేశారు" అన్నాడు. పది రోజులు డ్రెస్సింగ్ చేస్తే మానింది. కుడికాలికి కూడా అంతే సరిపోయేదని డాక్టర్ అన్న మాట అప్పుడు ఇద్దరికీ కళ్లారా తెలిసింది. మా ఆయన దవాఖాన బయటి మెట్ల దగ్గరికి పోయి కళ్లు తుడుచుకున్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉండి, మొయినాబాద్ దిక్కో జన్వాడ దిక్కో ఫామ్‌హౌస్‌లో ఫంక్షన్‌కు పోతుంటే ఇవి తప్పక చేయండి. పసుపు పెట్టించుకునే ముందు అరికాళ్లు ఎవరికైనా చూపించండి. మీ సొంత చెప్పులు, పొడివి, నీళ్ల మెట్టు దాకా వేసుకుపోయి అక్కడే విడవండి. బయటికి రాగానే వేళ్ల సందులు తుడుచుకుని మళ్లీ అవే తొడుక్కోండి. వేడి నీళ్ల తొట్టి జోలికి మాత్రం పోకండి. పసుపు కాళ్లకు చెప్పులేందని నాలాంటి పెద్దామె ఎవరైనా గేటు దగ్గర గదమాయిస్తే, ఆమెకో దండం పెట్టి, చెప్పులతోనే లోపలికి నడవండి.