ఇదా, అదా?

కళ్లద్దాల షాపాయన రోజంతా జనాన్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది బాగుందా, ఇంతకుముందుదా?" అద్దం మార్చకుండా ఊరికే టక్కుమనిపించినా సగం మంది "ఇదే బాగుందండీ" అంటారని ఇంటికొచ్చి నవ్వుతాడు. నవ్వు అయ్యాక వెనకగదిలో స్టీరియో ముందు కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటాడు. స్పీకర్ల వైర్లు నేలకు తగిలితే పాడేవాళ్ల గొంతు మసకబారుతుందట. వాటి కింద చెక్కముక్కలు పేర్చాడు. భార్య చీపురుతో వస్తే పసిబిడ్డ నిద్రలేస్తుందన్నట్టు వేలెత్తి వారిస్తాడు. ఆమెకేమో ఆ గదిలో కుట్టుమిషన్ వేసుకోవాలని ఎన్నాళ్లనుంచో కోరిక. చివరికి ఆమె తమ్ముడు పందెం కాశాడు: ఖరీదైన వైరూ చవక వైరూ మార్చి మార్చి పెడతాను, ఏది ఏదో బావ చెప్పలేకపోతే గది అక్కది.

ఆదివారం మధ్యాహ్నం స్టీరియోకు దుప్పటి అడ్డం కట్టి పాట పెట్టారు. "ఇదా, అదా, బావా?" అని వెనకనుంచి బావమరిది. షాపాయన ఖరీదైన వైరును చవకదన్నాడు, చవకదాన్ని ఆకాశానికెత్తాడు. బావమరిది నవ్వాపుకోలేక ఆఖరిసారి ప్లగ్గే పీకేశాడు. గది నిశ్శబ్దమైంది. షాపాయన ముఖం విప్పారింది.

"ఇదీ! చరణం ఎత్తుకునే ముందు ఆవిడ ఊపిరి పీల్చింది, విన్నావా?"

బావమరిది ప్లగ్గు ఊపుకుంటూ ఇవతలికొచ్చాడు. "దొరికిపోయావు బావా! అక్కా, గది నీదే, మిషన్ తెచ్చుకో!"

గుమ్మానికి ఆనుకున్న అక్క తమ్ముడివైపు చూడనైనా లేదు.

"అరవకురా," అంది. "చరణం పూర్తికానీ."