మరమనిషికి పిట్టకు పెట్టిన రోజు

తొలకరి పడిందంటే చాలు, కొత్తవాడలో మా తమ్ముడి ఇంటి ముందుగదిలో ఒక వాసన లేస్తుంది. తడిసిన నూలు, పులిసిన గంజి, పాత ఆముదం కలిస్తే వచ్చే వాసన అది. తమ్ముడు ఫినాయిల్ పోసి కడిగిస్తాడు, మరదలు అగరుబత్తులు వెలిగిస్తుంది, అయినా అది పోదు. గది మూలన, పెరటి కిటికీ కింద, రెండు షాబాదు బండలు ప్రతి వానాకాలం కాస్త కుంగుతాయి; వాటి సందుల్లోంచి వస్తుందది. ఆ బండల కింద మా బాపమ్మ మగ్గం గుంత ఉంది.

మొన్న వానలకు నేనుండే సుబేదారి నుంచి వెళ్ళేసరికి తమ్ముడి కూతురు సింధు సరిగ్గా ఆ బండల దగ్గరే కుర్చీ వేసుకుని, ఫోన్‌లో ఏదో అంతరిక్షం సీరియల్ చూస్తూ ముక్కు చీదుకుంటోంది. ఏమైందే అంటే, "రోబో చచ్చిపోయింది అత్తా. అందరి కోసం తనే ఒప్పుకుంది. ఎంత గొప్ప త్యాగమో!" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళు గడిచినా, కాగితం పోయి ఫోన్లు వచ్చినా, ఈ కథలు రాసేవాళ్ళకు మాత్రం బుద్ధి రాలేదన్నమాట!

నా కోపం సింధుకు అర్థం కావాలంటే ఆ గది ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పాలి. పెంకుటిల్లు, పేడ అలికిన మట్టి నేల, రెండు గుంత మగ్గాలు. వాకిలి వైపుది మా బాపుది, కిటికీ కిందది బాపు వాళ్ళమ్మది, అంటే మా బాపమ్మది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వేలాడేసి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ పైన నూలు కండె పెట్టిన నాడె విసురుతూ ఇద్దరూ పొద్దుగూకేదాకా జంపఖానాలు నేసేవారు. ఎండాకాలం ఊరంతా ఉడికిపోతుంటే ఆ గుంత మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉండేది, చలికాలం పిల్లి పిల్లల్ని పెట్టుకునేంత వెచ్చగా ఉండేది, వానాకాలం గంజి పెట్టిన పోగులు ఆరక ఇల్లంతా పుల్లటి వాసన వేసేది. బతుకమ్మ పండుగకు అమ్మ సత్తుపిండి ముద్దలు చేసి మగ్గం మీదికే అందించేది, బాపమ్మ నోట్లో వేసుకుని కాళ్ళు ఆపకుండానే నమిలేది. ఆవిడ తిండికి లేచిన మధ్యాహ్నాలు నేనూ తమ్ముడూ ఆ గుంతలోకి దూకి చెక్కలు తొక్కేవాళ్ళం. అప్పుడది మగ్గం కాదు, ఆకాశంలో పోయే ఓడ. నేను కెప్టెన్ని, వాడు మరమనిషి. వాడికి ఎప్పుడూ మరమనిషే కావాలి, దాని కోసం నాతో కొట్లాడేవాడు.

ఆ ఆటకు మూలం ఒక వారపత్రిక. బాపు తమ్ముడు, మిల్లులో పనిచేసే మా చిన్నబాపు, వారం వారం దాన్ని మడిచి చంకలో పెట్టుకుని తెచ్చేవాడు. కానీ రాగానే చదవడానికి లేదు. రెండు మగ్గాలు ఆడుతుంటే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఒక పడుగు అయిపోయాక పాత పోగుల చివర్లకు కొత్త పోగులు ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టే పని ఉంటుంది, అచ్చు అతకడం అంటారు. ఆ రోజు మగ్గాలు ఆగుతాయి. వేళ్ళకు బూడిద రాసుకుని అందరూ చుట్టూ కూర్చుంటారు, చేతులకే పని, చెవులకు లేదు. అప్పటిదాకా దాచిన వారపత్రిక అప్పుడు బయటికి వచ్చేది. చదివే పని నాది. ఐదో తరగతిలో నా అంత గట్టిగా పాఠం అప్పజెప్పేవాళ్ళు లేరు. చదివినంత సేపు నా వంతు పోగులు మిగతావాళ్ళు అతకాలి, అది మా ఇంటి చట్టం.

ఆ సీరియల్లో గరుడ అనే ఓడ ఉంది. భూమి విడిచి కొత్త గ్రహం వెతుక్కుంటూ కొన్ని కుటుంబాలు అందులో పోతుంటాయి. ఆ ఓడలో దాసు అనే ముసలి మరమనిషి ఉన్నాడు. కెప్టెన్ కూతురికి జోల పాడతాడు, డబ్బాల్లో పెంచే టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తాడు, ఒకసారి ఉల్క తగిలినప్పటి నుంచి ఎడమ చేయి వణికి సగం నీళ్ళు కింద పోస్తాడు. ఓడలో అందరూ నవ్వుతారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. "పాపం, నా లెక్కనే" అనేది బాపమ్మ. నిజమే, అంతకుముందటి చలికాలం నుంచి ఆవిడ ఎడమ చేయి కూడా వణుకుతోంది. నేసిన జంపఖానా అంచు పాములా వంకర పోతోంది. సావుకారు రెండుసార్లు సరుకు వాపసు పంపాడు.

ఆ ఏడు మా ఇంటికి పవర్‌లూమ్ తేవాలని చిన్నబాపు పట్టుబట్టాడు. దాన్ని గట్టి నేల మీద బిగించాలి, ఉన్న జాగా అంతా కిటికీ కిందనే, అంటే బాపమ్మ గుంత పూడ్చాలి. బాపు మేస్త్రీతో మాట్లాడాడు, బాపమ్మ మగ్గం కట్టెకు బేరం కుదిరింది, వాకిట్లో ఇసుక కుప్ప కూడా పడింది. నేనూ తమ్ముడూ ఆ ఇసుకలో పిచ్చుక గూళ్ళు కట్టుకుంటుంటే, అప్పుడు బాపు బాపమ్మ పక్కన కూర్చుని అడిగాడు: "అమ్మా, ఏమంటవు మరి?" బాపమ్మ ఇసుక వైపు ఒకసారి చూసి, "మీ ఇష్టం బిడ్డా" అంది. తన తల్లి మనసు బంగారమని చిన్నబాపు వాడంతా చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ వారమే బాపు మగ్గానికి అచ్చు అతకాల్సి వచ్చింది. నేను కాళ్ళు చాపుకుని ఉత్సాహంగా మొదలుపెట్టాను. గరుడ ఓడకు శక్తి అయిపోయింది. దాసు గుండెలో ఉన్న పెట్టె తీసి ఇంజనుకు తగిలిస్తే కొత్త గ్రహం చేరొచ్చు. కెప్టెన్ పనిముట్లు తెచ్చాడు, దాసు ఛాతీ మీది మరలు రెండు విప్పాడు. విప్పి, ఆగి, నీకు సమ్మతమేనా అని గద్గద స్వరంతో అడిగాడు. దాసు వణికే చేతిని పైకెత్తి నమస్కారం చేసి మీ ఇష్టం అన్నాడు. తర్వాత అర పేజీ నిండా ఆ రచయిత త్యాగమని, ధర్మమని, యంత్రంలోనూ మానవత్వమని ఊదరగొట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ చదివాను. అందరూ అయ్యో అన్నారు. బాపమ్మ ఒక్కతే అనలేదు.

"బిడ్డా, జర వెనుకకు పోయి మళ్ల సదువు" అంది. "వాన్ని అడిగింది మరలిప్పినంకనా, ఇప్పకముందా?"

వేలు పెట్టి వెతికి చూశాను. "ఇప్పినంకనే బాపమ్మా."

"గప్పుడడిగితే వాడేమంటడే? ఇసుక తెచ్చి వాకిట్ల పోసినంక అడిగితే ఎవ్వలైనా ఏమంటరే?"

బాపు తల ఎత్తలేదు, పోగులు మెలిపెడుతూనే ఉన్నాడు. చిన్నబాపు నవ్వబోయి, "అమ్మా, అది కథనే. కల్పించి రాస్తరు" అన్నాడు.

"కల్పించెటోడు మంచిగ కల్పియ్యరాదా? వానికేం రోగం?" అని బాపమ్మ లేచి వెళ్ళిపోయింది. అంత సరైన విమర్శ నేను ఆ తర్వాత ఏ పెద్దమనిషి నోటా వినలేదు.

మాలో మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి గోడ మీద పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ళ మనసు నిండినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం, అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరు ముందుకొచ్చి నీ పని మేం చూస్తామని మాటివ్వాలి. దాసు పోయిన మూడో రోజు పొద్దున్నే బాపమ్మ స్నానం చేసి, మోదుగాకు విస్తరిలో అన్నం, పచ్చిపులుసు, పక్కన మట్టి ప్రమిదలో మగ్గానికి రాసే నూనె పెట్టి పెరటి గోడ మీద ఉంచింది. నూనె ఎందుకంటే మరమనిషి అన్నం తినడని నేనే చెప్పాను.

"మరమనిషికి పిట్టకు పెట్టుడేందత్తమ్మా, నలుగురు నవ్వుతరు" అని అమ్మ బతిమాలింది.

"నవ్వనీయ్. వానికెవ్వలున్నరు? ఆ ఓడోల్లు పెడుతరా?"

సరిగ్గా అదే పొద్దున గుంత పూడ్చడానికి మేస్త్రీ గంప, పార పట్టుకుని వచ్చాడు. బాపు, చిన్నబాపు, మేస్త్రీ పెరట్లో నిలబడిపోయారు. పక్కింటి పెంకుల మీద కాకులు బారులు తీరి ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. తమ్ముడు ఇంక ఓడ నడపను దాసూ అని ఏడుస్తూ మాటిచ్చాడు. దిగలేదు. నేను ఆ రచయితకు బుద్ధి చెప్తానని మాటిచ్చాను. దిగలేదు. అప్పుడు బాపమ్మ కొంగు బిగించి గోడ దగ్గరికి పోయింది.

"కొడుకా, నీ లెక్కనే నేను గూడ మీ ఇష్టం అన్న. ఆ మాట వాపసు తీసుకుంటాన్న. నా మగ్గం తియ్యనియ్య, నా గుంత పూడ్వనియ్య. నువ్వు ఫికరు చెయ్యకు. ముట్టు."

ఒక బక్క కాకి రెక్కలు కొట్టుకుంటూ దిగి, పచ్చిపులుసులో ముక్కు ముంచింది.

ఎంత మొండి మనిషైనా కాకి ముట్టిన మాటను కాదనే ధైర్యం ఆ రోజుల్లో మా దిక్కు ఎవరికీ లేదు. "నాతోని కాదు రాజయ్యన్నా, పిట్ట ముట్టింది" అని బాపుతో చెప్పి మేస్త్రీ గంప భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. పవర్‌లూమ్‌ను చిన్నబాపు పక్క వాడలో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని పెట్టుకున్నాడు. బాపమ్మ మాత్రం వణికే చేత్తో వంకర అంచుల జంపఖానాలు నేస్తూనే ఉంది. వాటిని ఏ సావుకారూ కొనలేదు, మేమే పరుచుకుని పడుకున్నాం.

తర్వాతి వారం సంచిక కోసం నేను కాచుకుని కూర్చున్నాను. ఆ ఓడలో ఎవరో ఒకరు ఏడుస్తారనీ, కనీసం ఆ చిన్నపిల్ల అయినా దాసు ఏడని అడుగుతుందనీ అనుకున్నాను. ఏముంది! కెప్టెన్ కూతురి పుట్టినరోజు, అందరూ పాయసం తాగారు, పాట పాడారు. టమాటా మొక్కలకు నీళ్ళు ఎవరు పోశారో కూడా లేదు. దాసు పేరు ఒక్కచోటన్నా ఉంటుందేమోనని రెండు మూడు సార్లు వెతికాను. అంత త్యాగం త్యాగమని గుండెలు బాదుకున్న మనిషికి వారం తిరిగేసరికి ఆ పేరే గుర్తు లేదు. ఆ సీరియల్ ఇంక చచ్చినా చదవనన్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ అలాగే ఉంది, చల్లారాలని నేను అనుకోను కూడా.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు బాపమ్మ పోయింది. మూడో రోజు అదే గోడ మీద మటన్ కూర, కల్లు, ఆమె నమిలే తంబాకు పెట్టారు. ఎండ ముదిరినా కాకి ముట్టలేదు. అమ్మ మాటిచ్చింది, చిన్నబాపు మాటిచ్చాడు. చివరికి బాపు తడి పంచెతో ముందుకొచ్చి, చేతులు జోడించి, "అమ్మా, నీ మగ్గం గుంత పూడ్వం. నా పానం ఉన్నన్ని రోజులు పూడ్వం. ముట్టవే అమ్మా" అన్నాడు. అప్పుడు ముట్టింది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

మళ్ళీ దసరా రాకముందే వాకిట్లో ఇసుక పడింది. షెడ్డు అద్దె మిగులుతుందని పవర్‌లూమ్ ఇంటికొచ్చింది. కొబ్బరికాయ కొట్టి, వచ్చినవాళ్ళందరికీ బూందీ పంచారు. పిట్టకు మాటిచ్చినవు కదా బాపూ అని అడిగితే, "సదువుకున్నదానివి, నువ్వు గూడ కాకి ముచ్చట్లు నమ్ముతవా?" అన్నాడు. ఆ బూందీ నేను ముట్టలేదు. బాపమ్మ పేరు ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

తర్వాత ఆ పవర్‌లూమ్ కూడా తుక్కు కింద పోయింది, బాపు పోయాడు, చిన్నబాపు పోయాడు. పెంకులు పోయి స్లాబు వచ్చింది. అచ్చు అతికే బూడిద చేతులు లేవు, చంకలో మడిచిన వారపత్రిక లేదు, పక్కింటి పెంకుల మీద బారులు తీరే కాకులు కూడా లేవు. ఇప్పుడు పిట్టకు పెట్టాలంటే కాకి కోసం చెరువు కట్ట దాకా పోతున్నారు.

ఇదంతా సింధుకు చెప్పలేదు. "జర వెనుకకు పోనియ్యి. ఆ రోబోను అడిగింది ఎప్పుడో చూడు" అన్నాను. అది విసుక్కుంటూనే వెనక్కి జరిపింది, మళ్ళీ చూసింది.

"మూత తీసినంకనే అత్తా" అంది.

అంతలో తమ్ముడు లోపలి నుంచి తువ్వాలతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఒకప్పుడు మరమనిషి వేషం కోసం నాతో కొట్లాడినవాడు. "అక్కా, ఈ బండలు తీసి అడుగుదాకా కాంక్రీటు పోయిద్దామనుకుంటాన్న. ఇగ వాసన గూడ రాదు. నువ్వేమంటవు?" అన్నాడు.

వాకిట్లోకి చూశాను. ఇసుక కుప్ప అప్పటికే పోసి ఉంది, పక్కన సిమెంటు బస్తాలు కూడా. సింధును లేపి, ఆ కుర్చీని ఆ రెండు బండల మీదికి లాక్కుని కూర్చున్నాను. నీ ఇష్టం అని మాత్రం అనలేదు.