పిన్నిగారి ఉసిరిపాకం

రెండు వారాల కిందట బుధవారం పొద్దున, నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే కిందనుంచి బాబాయిగారు పిలిచారు. "అమ్మాయ్, ఒక్కసారి రా. మీ పిన్ని ఎంత లేపినా పలకట్లా."

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను. గుమ్మంలో ఆగి నేను మొదట చేసిన పని, గట్టిగా గాలి పీల్చి చూడటం. గ్యాసు వాసన లేదు. ఆ తర్వాతే మంచం దగ్గరికి వెళ్ళాను. పిన్నిగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. గుండె ఆగిపోయిందని డాక్టరుగారు చెప్పారు. ఏడాదిగా ఆవిడకేమవుతుందోనని నేను భయపడని రోజు లేదు. కానీ నేను భయపడింది దీనికి కాదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మేం అద్దెకుంటున్న ఇల్లు వాళ్ళది. కింద వాళ్ళిద్దరూ, పై వాటాలో మేం. బాబాయిగారికి బజార్లో పచారీ కొట్టుంది. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే ఆవిడ, "అద్దె సంగతి మీ బాబాయితో మాట్లాడుకో. ముందు ఇది తాగు" అని చల్లటి గ్లాసు చేతిలో పెట్టారు. పుల్లగా, తియ్యగా, చివర్లో అల్లం ఘాటు. అదే ఉసిరిపాకం.

కార్తీకం దగ్గరపడితే ఈపూరు వైపునుంచి ఉసిరికాయలు బళ్ళమీదికి వస్తాయి. పిన్నిగారు ఒక్కో కాయా తిప్పి చూసి ఏరుకునేవారు. కోరి, గుడ్డలో పిండి, ఆ రసంలో పంచదార, అల్లంరసం పోసి సన్నమంట మీద కాచేవారు. దించే ముందు దంచిన యాలకులు, రెండు లవంగాలు. వచ్చినవాళ్ళకి నీళ్ళల్లో కలిపి ఇచ్చేవారు. గడ్డపెరుగు మీద, రవ్వకేసరి మీద ధారగా పోసేవారు. వీధిలో పిల్లలు ఐస్‌క్రీమ్ కప్పులు పట్టుకుని ఆవిడ గుమ్మం ముందు నిలబడేవారు.

పాకం కుదిరిందో లేదో ఆవిడ గరిటె ఎత్తి చూడగా నేనెప్పుడూ చూడలేదు. పొయ్యికి వీపు పెట్టి నాతో కబుర్లు చెబుతూనే, "ఆఁ, పచ్చివాసన పోయింది" అని ఠక్కున తిరిగి దించేసేవారు. ఆవిడ కొలతంతా ముక్కులోనే ఉండేది.

పోయినేడు వానాకాలంలో ఆవిడకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గాక కాస్త నీరసంగా ఉన్నారనుకున్నాం గానీ ఇంకేమీ అనుకోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం తోడుపెరుగు కోసం కిందికి వెళ్తే గుమ్మంలోనే గుప్పున గ్యాసు వాసన. పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆవిడ ఆ పక్కనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. కూర పెట్టడానికి లేచి లైటర్ చేతిలోకి తీసుకున్నారు.

"పిన్నిగారూ, వద్దు!" అని కేక పెట్టాను.

"ఏందే ఆ అరుపు?"

లైటర్ లాక్కుని, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ తీసి, ఆవిడను వాకిట్లోకి లాక్కొచ్చాను. "అంత వాసన వస్తుంటే తెలియట్లేదా మీకు?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "జొరం తగ్గిన కాణ్ణుంచి ఏ వాసనా రాట్లేదే. కాఫీ వాసన లేదు, కర్పూరం వాసన లేదు. వస్తదిలే అని చూస్తన్నా."

"బాబాయిగారికి తెలుసా?"

"చెప్పబాక. తెలిస్తే నన్ను వంటింట్లో అడుగు పెట్టనియ్యడు. ఇంకేం చేసుకుని బతకాలే నేను?"

ఆ మాటకు నోరు మూసుకున్నాను గానీ మనసు కుదురుగా ఉండలేదు. పాఠం చెబుతుంటే మధ్యలో ఆ లైటరే కళ్ళముందు కదిలేది. బడినుంచి ఫోన్ చేసి "పొయ్యి కట్టేశారా?" అని అడిగేదాన్ని. "కట్టేశానే తల్లీ. నువ్వు పిల్లలకి పాఠాలు చెప్పుకో" అనేవారు. ఒకరోజు ఎంత చేసినా ఫోన్ ఎత్తలేదు. పర్మిషన్ పెట్టి ఆటోలో ఇంటికొచ్చాను. సందు మలుపులోనే దిగి పరుగెత్తాను. ఆవిడ డాబా మీద బట్టలు ఆరేస్తూ, "ఏందే, ఇవ్వాళ ఒంటిపూట బడా?" అన్నారు.

"నావల్ల కాదు పిన్నిగారూ. బాబాయిగారికి చెప్పేస్తాను."

ఆవిడ ముఖం తిప్పుకున్నారు. ఆ సాయంత్రం చెప్పేశాను. బాబాయిగారు తల వంచుకుని విన్నారు. కోప్పడతారనుకున్నాను. మర్నాడు కుర్చీ తెచ్చి వంటింట్లో వేసుకుని పేపరు తిరగేస్తూ కూర్చున్నారు.

"కొట్టు వదిలేసి ఇక్కడ కూచుంటే ఎట్టా?" అన్నారు పిన్నిగారు.

"గుమాస్తా ఉన్నాడుగా. నువ్వు కానీ."

నాతో మాత్రం ఆవిడ కొన్నాళ్ళు ముభావంగానే ఉన్నారు. ఉసిరికాయలు వచ్చినా కొనలేదు. చివరికి నేనే కొని తెచ్చి గట్టు మీద పోశాను. "మీరు చెయ్యండి. వాసన నేను చూసి చెబుతాను."

"నీకేం తెలుసే?" అంటూనే కోరాము అందుకున్నారు.

పాకం ఉడుకుతుంటే నన్ను పొయ్యి పక్కనే నిలబెట్టారు. "పచ్చి అల్లం వాసనా, ఉడికిన అల్లం వాసనా?"

"తెలియట్లేదు పిన్నిగారూ."

"తెలియకపోతే ఎట్టా? సరిగ్గా పీల్చి చెప్పు."

ఎక్కడ మాడిపోతుందోనన్న కంగారులో తొందరపడి దించమన్నాను. చల్లార్చి ఆవిడకు చెంచాతో ఇచ్చాను. చప్పరించి, "పులుపు తెలుస్తంది, తీపి తెలుస్తంది. పంచదార నీళ్ళల్లో నిమ్మకాయ పిండుకున్నట్టుందే" అన్నారు. చెంచా తిరిగి నా చేతిలో పెట్టేశారు. బాబాయిగారు పేపరు దించి, "అల్లం ఇంకా పచ్చిగానే ఉంది, మళ్ళీ పెట్టు" అన్నారు మామూలుగా. ఆయనకు షుగరు. వేలితో రవ్వంత నాకి మరీ చెప్పారు.

మళ్ళీ పెట్టాం. ఈసారి నేను కళ్ళు మూసుకున్నాను. ఉసిరి వగరు మెల్లగా సన్నగిల్లింది. అల్లం ఘాటు కరిగి, తేనెలాంటి వాసనొకటి పైకి లేచింది. నేనింకా నోరు తెరవనేలేదు, పిన్నిగారు గిన్నె దించేశారు.

"మీకు వాసన వచ్చిందా?" అన్నాను ఆశగా.

"రాలేదు. నీ మొహంలో కనపడింది."

ఆవిడకు వాసన తిరిగి రాలేదు. నా భయమూ పూర్తిగా పోలేదు. కానీ ఆ ఏడాది సాంబారు పోపునుంచి సాంబ్రాణి పొగదాకా ఇంట్లో ఏది ఎలా వాసన వస్తోందో రోజూ నాచేత చెప్పించుకునేవారు. "బాగుంది అనబాక. ఎట్టా ఉందో చెప్పు" అనేవారు. అన్నాళ్ళు పీలుస్తూనే ఉన్నా నేను పట్టించుకోనివి ఎన్నో ఆవిడకు చెప్పడం కోసం పట్టించుకున్నాను.

దినాలైన మర్నాడు ఆరేసిన బట్టలు తీద్దామని డాబా ఎక్కాను. పిట్టగోడ పక్కన పాత దుప్పటి మీద గాజుసీసాలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఈ ఏటి పాకానికని పోయే ముందురోజు పిన్నిగారు కడిగి ఆరబెట్టినవి. ఆ హడావుడిలో ఎవరూ చూడలేదు. బాబాయిగారిని పిలిచాను. ఆయన మెల్లగా మెట్లెక్కి వచ్చి, చూసి, ఆ దుప్పటి మీదే కూర్చున్నారు. కాసేపటికి ఒక సీసా తీసి కండువా కొసతో తుడిచి, లోపల తడి ఉందేమోనని ఎండకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు.