వ్యానక్క కుడికాలు

"పడింది నేను కాదు, చెప్పు. దానికింత కంగారెందుకు నీకు?" అంది వ్యానక్క, పై వాటా అమ్మాయి చేతిలోంచి చెప్పు లాక్కుంటూ. "మా ఆయన చెవిన మాత్రం వెయ్యకు. రేపు బండెక్కాల్సినదాన్ని."

మెట్లెక్కుతుంటే కుడికాలి చెప్పు జారి కిందే ఉండిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియలేదు. పైకొచ్చి కుర్చీలో కూర్చుని, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, వెనకాలే ఎక్కొచ్చిన అమ్మాయి దాన్ని చూపించేదాకా కబుర్లు చెబుతూనే ఉంది.

వీధి మొత్తానికి ఆమె వ్యానక్కే. బడి పిల్లల్ని వ్యానులో దింపి తీసుకురావడం ఆమె పని. ఆమె బండిలో ఎక్కి పెద్దయినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని అదే బండి ఎక్కిస్తున్నారు. వెనక సీట్లలో గొడవ ముదిరితే అద్దంలోంచి ఒక్క చూపు చూసేది. బండంతా గప్‌చుప్.

కిందటేడు నడుము పట్టేసింది. నొప్పి పిక్కలదాకా పాకింది. వెన్నుపూస జారి నరాన్ని నొక్కుతోందని, ఆపరేషన్ చేసి రాడ్లూ మరలూ వేసి బిగించారు. పక్క మంచం మీద ఒక వడ్రంగి, అతనికీ అదే ఆపరేషన్. ఇన్నాళ్ళూ ఊరందరికీ మరలు బిగించిన తనకి ఇంకొకడు బిగించాల్సి వచ్చిందని అతను నవ్వించేవాడు. నవ్వితే కుట్లు లాగి ఇద్దరూ మూలిగేవాళ్ళు. అతను చెప్పిన రోజుకి ఇంటికెళ్ళాడు. ఆమెకు బయల్దేరే ముందు జ్వరం తగిలింది. చూస్తే గాయంలో చీము. మళ్ళీ కోశారు, కడిగారు, వారాల తరబడి నరంలోకి మందులెక్కించారు. మంచం దిగేసరికి కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. కుడి పాదం మొద్దుబారిపోయింది.

వడ్రంగి ఇప్పుడు తలుపులు చేస్తున్నాడు. ఫోన్ చేసి, అక్క ఇంకా షెడ్డులోనే ఉందా అని వేళాకోళమాడతాడు. ఆ ఫోన్ పెట్టేశాక ఆమె గోడ పట్టుకోకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూసుకుంటుంది.

డాక్టరు ఏమీ దాచలేదు. ఇలా మధ్యలో చిక్కొచ్చినవాళ్ళకి గాయం మానినంత మాత్రాన అంతా సర్దుకోదని, ఏడాది దాటినా కొందరు మిగతావాళ్ళ కంటే వెనకే ఉంటారని చెప్పాడు. ఆపరేషన్‌కి ముందు తనెలా ఉండేదో దాంతో పోల్చుకోవాలి గాని వడ్రంగితో కాదన్నాడు. నొప్పి తగ్గింది, నడుస్తోంది, ఇంకా మెరుగవుతుంది. కానీ పాదానికి స్పర్శా పట్టూ వచ్చేదాకా బండి ముట్టుకోవద్దన్నాడు. ఇంటికొచ్చి ఆమె మొగుడికి ఇందులో మెరుగన్న ముక్క ఒక్కటే చెప్పింది.

రేపు బడి తెరుస్తారు. రేపు ఆమె సీట్లో లేకపోతే బండి ఇక ఆమె మంచాన పడ్డప్పుడు పెట్టిన కొత్త డ్రైవరుదేనని బడివాళ్ళు తేల్చేశారు. ఈ పొద్దున్నే అతను వ్యాను తెచ్చి మార్కెట్ వెనక మైదానంలో నిలిపి, తాళం ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు.

అమ్మాయి చెప్పు వంకే చూస్తోంది. "దీనికి వెనక పట్టీ ఉండాలిగా అక్కా?"

ఉండేది. స్టవ్‌లు బాగుచేసే మొగుడు ఓపిగ్గా కూర్చుని, మడమ వెనక్కి ఎలాస్టిక్ పట్టీ కుట్టిపెట్టాడు. ఎందుకని అడిగితే వానల్లో జారకుండా అన్నాడు. బాలవాడీ బడికి పోయే పిల్ల జోడులా ఉందని ఆమె దాన్ని కత్తిరించి పారేసింది.

"ఆ చూపేంటే అలా? పద, కిందికి. నువ్వే చూద్దువుగాని" అని లేచింది.

సెలవురోజు కావడంతో మార్కెట్ వెనక మైదానం ఖాళీగా ఉంది. చివర గోడకి ఆనించి ఖాళీ పళ్ళ పెట్టెలు పేర్చి ఉన్నాయి. చెప్పులు విప్పి స్టీరింగు ముందు కూర్చునేసరికి ఆమె ముఖం విప్పారింది. నీ ఇష్టమొచ్చినప్పుడు ఆపమని చెప్పు, టక్కున ఆపకపోతే అప్పుడడుగు అంది పక్క సీటెక్కిన అమ్మాయితో.

మొదటిసారి ఆపమంటే బండి ఆగింది. రెండోసారీ ఆగింది. "చూశావా?" అని కనుబొమ్మలెగరేసి, ఈసారి కాస్త వేగం పెంచింది. కళ్ళు గోడ మీద పెట్టింది.

"ఆపక్కా."

ఇంజను ఒక్కసారిగా గర్జించింది. బండి ముందుకు దూకింది. ఆమె నొక్కుతోంది, గట్టిగా నొక్కుతోంది, నొక్కినకొద్దీ పెట్టెలు మీదికొస్తున్నాయి. ఎడమచేయి దానంతటదే హ్యాండ్‌బ్రేకు లాగింది. చక్రాలు కీచుమన్నాయి. పై పెట్టె ఒకటి దొర్లి బానెట్ మీద పడ్డాక గాని బండి ఆగలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె తాళం తిప్పి ఇంజను ఆపేసి కిందికి చూసింది. కుడికాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది, బ్రేకు మీదే ఉన్నాననుకుంటూ, ఎవరి కాలో అన్నట్టు.

అమ్మాయి కూడా వంగి ఆ కాలి వంక చూసింది. "ముందు రెండుసార్లూ ఆపేటప్పుడు కిందికి చూశావక్కా."

వ్యానక్క తలూపింది. చేతులు స్టీరింగు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇన్నేళ్ళూ కాలు ఎక్కడుందో చూసి నడిపానా నేను?" అంది చిన్నగా. "కళ్ళు కాలికిచ్చేస్తే రోడ్డు ఎవరు చూస్తారు? వెనక పిల్లలుంటారు."

అద్దంలోకి చూసింది. వెనక ఖాళీ సీట్లు. చెప్పులు ఒక చేత్తో తీసుకుని మెల్లగా దిగి, బండి పట్టుకుని ఇటు చుట్టి వచ్చి పక్క సీటు తలుపు తీసింది. "నువ్వు దిగు. నేనిక్కడ కూర్చుంటా, బండి దగ్గర ఎవరో ఒకరుండాలి."

తాళం అమ్మాయి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. కానీ చెయ్యి వదల్లేదు.

"ఆ కొత్తబ్బాయిని పిలుచుకురా. రేపట్నుంచి వాణ్ణే నడపమను. బడివాళ్ళకి నేనే చెప్పుకుంటా. కళ్ళు మూసుకుని తోలేరకం కాదులే వాడు, కానీ చాకలి కొట్టు మలుపులో ఎక్కే పాపని వెనక కూర్చోబెడతాడు, దానికి వాంతులు. ముందు సీటియ్యమను. కాలు బాగుపడ్డాక నేనే వచ్చి అడుగుతానని కూడా చెప్పు, అక్క ఇక రాదనుకోకుండా." అప్పటికి చెయ్యి వదిలింది. అమ్మాయి నాలుగడుగులు వేసిందో లేదో మళ్ళీ పిలిచింది.

"వచ్చేటప్పుడు మూర ఎలాస్టిక్ పట్రా. నల్లది." చెప్పు పైకెత్తి చూసుకుంది. "వానకని కుట్టాడట. కుడికాలికొక్కదానికే కుట్టాడు చూడు, వాన ఆ కాలి మీదే పడుతుందన్నట్టు. అన్నీ తెలిసే కుట్టాడు మహానుభావుడు. వెళ్ళు, కొట్టు మూసేస్తారు."