గుర్రప్పిల్లకు ఎవరో ఏదో పెట్టారు

ఎనభైల చివర్లో నేను సూర్యాపేట నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఒక ఉదయం జట్కా తోలే సైదులు మా ఇంటికొచ్చాడు. "సార్, మా గుర్రప్పిల్లకు లింగయ్య ఏదో పెట్టిండు. పేపర్ల రాయాలె" అన్నాడు. లింగయ్యది అదే అడ్డాలో ఇంకో జట్కా.

వెళ్లి చూశాను. ముందురోజు పుట్టిన పిల్ల తోకెత్తి ముక్కుతోంది, పడి దొర్లుతోంది. లద్ది మాత్రం రావడం లేదు.

"నిన్న సూడనీకి వచ్చి దీని కడుపు మీద చెయ్యేసిండు" అంది సైదులు భార్య.

నాకూ అనుమానం కలిగింది. అంతలో లింగయ్యే పశువుల డాక్టరును వెంటబెట్టుకొని రావడంతో, చేసిన పనికి భయపడే తెచ్చాడనిపించి అది ఇంకా బలపడింది.

"ముర్రుపాలు తాగిందా?" అని అడిగాడు డాక్టరు.

"అరగవని పిండి పారబోసినం సార్" అందామె.

"లోపలి మొదటి లద్దిని కదిలించేవి ఆ పాలేనమ్మా" అంటూ ఆయన గోరువెచ్చని సబ్బునీళ్లతో ఎనిమా ఇచ్చాడు. పిల్లను పట్టుకున్నది లింగయ్యే. కాసేపటికి నల్లటి లద్ది పడింది. పిల్ల లేచి తల్లి పొదుగు వెతుక్కుంది.

"డాక్టర్ను నువ్వెందుకు తెచ్చినవ్?" అన్నాడు సైదులు, ఇంకా తగ్గకుండా.

"నిన్న పట్టి సూస్తే కడుపు గట్టిగ ఉండె. నేను చెప్తే నువ్వు ఇంటవా?"

సైదులు బీడీల కట్ట చాపాడు. లింగయ్య ఒకటి తీసుకుని, వెలిగించే ముందు వాసన చూశాడు.

ఇద్దరిలో ఎవరి అనుమానం పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.